వెళ్ళిపోయారా, వెళ్ళగొట్టారా: 1948 పాలస్తీనా నిర్వాసితుల విషయంలో బాధ్యత ఎవరిదన్న వాదనల్లో దేనిని ఎలా ఎంచుకోవాలి

1948లో పాలస్తీనాలో జరిగినదాన్ని తెలుగులో ఒక్క వాక్యంలో రాయాలని కూర్చున్నవారికి మొదట చిక్కు పెట్టేది క్రియాపదం. "ఏడు లక్షల మంది అరబ్బులు ఇళ్ళు విడిచి వెళ్ళారు" అంటే ఒక పక్షం చెప్పే చరిత్రను ఒప్పుకున్నట్టవుతుంది. "పారిపోయారు" అంటే తప్పంతా యుద్ధం మీదికి పోతుంది. "వెళ్ళగొట్టారు" అంటే ఎవరు వెళ్ళగొట్టారో చెప్పక తప్పదు, ఎందుకంటే కర్తను దాచే కర్మణి వాక్యం మన భాషలో సహజంగా ఒదగదు. "వలస" అన్న మాట అసలే పనికిరాదు. పాలమూరు నుంచి వలస వెళ్ళినవాడు పని దొరికిన చోటికి వెళతాడు, ఊళ్ళో ఇంటికి తాళం వేసి వెళతాడు, పండగకు తిరిగి వస్తాడు. పాలస్తీనా నుంచి వెళ్ళినవారు కూడా తాళం వేసుకునే వెళ్ళారు, తాళంచెవులను ఈనాటికీ దాచుకున్న కుటుంబాలున్నాయి, కానీ వాళ్ళకు తిరుగు ప్రయాణం లేకుండా పోయింది.

పోటీ పరీక్షలకు చదివేవారు, పత్రికలకు రాసేవారు, తరగతిలో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఏదో ఒక క్రియాపదాన్ని ఎంచుకోక తప్పదు. పదాన్ని ఎంచుకోవడమంటే ఒక వాదనను ఎంచుకోవడమే. వాడుకలో ఉన్న వాదనలను పక్కపక్కన పెట్టి, ఏది ఎంత బరువు మోయగలదో చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎవరూ పెద్దగా వాదించని సంగతులు ముందు చెప్పుకోవాలి. 1947 నవంబర్ 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం పాలస్తీనాను రెండు రాజ్యాలుగా విభజించే 181వ తీర్మానాన్ని 33 అనుకూల, 13 వ్యతిరేక ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించిన దేశాల్లో భారతదేశం ఒకటి. అప్పటికి అక్కడ అరబ్బులు 12 లక్షలకు పైగా, యూదులు 6 లక్షలకు పైగా ఉండగా, యూదు రాజ్యానికి భూభాగంలో సుమారు 55 శాతం కేటాయించారు. మరునాటి నుంచే కాల్పులు మొదలయ్యాయి. 1948 మే 14న ఇజ్రాయెల్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, 15న పొరుగు అరబ్ దేశాల సైన్యాలు ప్రవేశించాయి. 1949లో యుద్ధ విరమణ ఒప్పందాలు కుదిరే నాటికి 7 లక్షలకు పైగా పాలస్తీనియన్లు ఇళ్ళు కోల్పోయారు, 400కు పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి, ఇజ్రాయెల్ చేతికి వచ్చిన ప్రాంతంలో సుమారు 1,50,000 మంది అరబ్బులు మాత్రమే మిగిలారు.

బ్రిటన్ బాధ్యత గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. 1917 నవంబర్ 2 నాటి బాల్ఫోర్ ప్రకటనలో పాలస్తీనాలో జాతీయ నివాసం ఏర్పడడానికి తోడ్పడతామని యూదులకూ, స్థానికుల హక్కులకు భంగం రాదని అరబ్బులకూ హామీ ఇచ్చి, ముప్పై ఏళ్ళు పాలించి, చివరికి విభజనను అమలు చేసే పని నెత్తిన వేసుకోకుండా వెళ్ళిపోయిన ప్రభుత్వం నిర్దోషి అని ఏ పక్షమూ అనదు. కానీ బ్రిటన్‌ను ముందుకు తెచ్చే వాదన తరచుగా మిగతా ఇద్దరి, అంటే యూదు, అరబ్ పక్షాల పాత్రను చూడకుండా తప్పించుకునే దారి అవుతుంది. దాన్ని నేపథ్యంగా వాడండి, జవాబుగా వాడకండి.

అసలు పోటీ మూడు వాదనల మధ్య ఉంది.

మొదటిది ఇజ్రాయెల్ ప్రభుత్వం చాలాకాలం అధికారికంగా చెప్పినది: అరబ్ నాయకులు రేడియోల ద్వారా ప్రజలను ఊళ్ళు ఖాళీ చేయమన్నారు, గెలిచాక తిరిగి రావచ్చని నమ్మించారు, కనుక బాధ్యత వాళ్ళదే. ఈ రూపంలో ఈ వాదన నిలబడలేదు. పాలస్తీనా చరిత్రకారుడు వలీద్ ఖాలిదీ 1959లోనూ, ఐరిష్ పాత్రికేయుడు ఎర్స్కిన్ చైల్డర్స్ 1961లోనూ ఆనాటి రేడియో ప్రసారాల నమోదులను పరిశీలించి, దేశమంతటినీ ఖాళీ చేయమన్న పిలుపు ఎక్కడా లేదని చెప్పారు. తర్వాత ఇజ్రాయెల్ పత్రాలు బయటపడినప్పుడు కూడా అది దొరకలేదు. దొరికినది వేరు: కొన్ని పల్లెల నుంచి ఆడవాళ్ళను, పిల్లలను పంపేయమని స్థానిక అరబ్ సేనానులు ఇచ్చిన ఆదేశాలు. అవి నిజం, కానీ కొన్ని ఊళ్ళకే పరిమితమైన నిజం.

అయితే ఇదే వాదనకు మరింత బలమైన రూపం ఒకటుంది, దాన్ని బలహీన రూపంతో కలిపి కొట్టివేయడం న్యాయం కాదు. ఎఫ్రాయిమ్ కర్ష్ వంటి చరిత్రకారులు చెప్పేదేమిటంటే, విభజనను యూదు నాయకత్వం ఒప్పుకుంది, అరబ్ నాయకత్వం తిరస్కరించి ఆయుధం పట్టింది, ఆ యుద్ధమే రాకపోతే ఒక్క కుటుంబం కూడా కదిలి ఉండేది కాదు. దీనికి తోడు, 1947 డిసెంబర్ నుంచే హైఫా, జాఫా, జెరూసలేం నగరాల్లోని కలిగిన కుటుంబాలు వేల సంఖ్యలో బేరూత్‌కూ కైరోకూ వెళ్ళిపోయి, మిగిలిన సామాన్య జనాన్ని వైద్యుడు, న్యాయవాది, పురపాలక ఉద్యోగి లేని స్థితిలో వదిలేశాయన్నది కూడా నిజం. 1948 ఆగస్టులోనే ఈ విపత్తుకు "నక్బా" అని పేరు పెట్టిన సిరియా మేధావి కాన్‌స్టంటీన్ జురేక్ కూడా అరబ్ సమాజం సంసిద్ధంగా లేకపోవడాన్ని నిష్కర్షగా విమర్శించాడు. ఈ వాదనలోని లోపం వేరే చోట ఉంది. యుద్ధానికి కారణమెవరన్న ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రాన, ఆ యుద్ధంలో ఒక ఊరి జనాన్ని ఏ సైనికుడు ఎవరి ఆదేశంతో బయటికి నడిపించాడన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

రెండవది, ఇదంతా ముందే అనుకొని చేసిన తరిమివేత అన్న వాదన. వలీద్ ఖాలిదీ, నూర్ మసాల్హా, ఇజ్రాయెల్‌కే చెందిన ఇలాన్ పప్పే దీనికి ముఖ్యులు. జనాభా బదిలీ అన్న ఆలోచన జియోనిస్టు (పాలస్తీనాలో యూదు రాజ్యం కోరిన ఉద్యమం) నాయకత్వంలో 1930లలోనే ఉన్నదని మసాల్హా పత్రాలతో చూపించాడు. దానికి బ్రిటిష్ ఆమోదం కూడా ఒకసారి దక్కింది: 1937లో పీల్ కమిషన్ విభజనతో పాటు, యూదు రాజ్యంలో పడే సుమారు 2,25,000 మంది అరబ్బుల బదిలీని కూడా సూచించింది. 1948 మార్చి 10 నాటి హగనా (యూదుల ప్రధాన సాయుధ దళం) సైనిక ప్రణాళిక "ప్లాన్ దాలెత్"లో, ప్రతిఘటించే ఊళ్ళను నాశనం చేసి జనాన్ని రాజ్యం సరిహద్దుల అవతలికి పంపే వీలును సేనానులకు కల్పించారు. పప్పే దాన్ని తరిమివేతకు మూల ఆదేశంగా చదివితే, ఇతరులు దండయాత్ర రాబోతోందని తెలిసి సిద్ధం చేసుకున్న రక్షణ ప్రణాళికగా చదివారు. ఒకే పత్రం, ఒకే అక్షరాలు.

మూడవది బెన్నీ మోరిస్ పేరుతో ముడిపడినది. 1980లలో ఇజ్రాయెల్ ప్రభుత్వ పత్రాలు చదవడానికి అందుబాటులోకి వచ్చాక, అతను ఒక్కొక్క ఊరిని తీసుకొని, ఎప్పుడు ఖాళీ అయింది, దగ్గరి కారణం ఏమిటి అని నమోదు చేసి 1988లో ప్రచురించాడు, 2004లో కొత్త ఆధారాలతో విస్తరించాడు. అతని నిర్ధారణలో ఈ సమస్య యుద్ధంలో పుట్టింది, ముందస్తు పథకంలో కాదు. భయం, షెల్లింగ్, పక్క ఊరు పడిపోయిందన్న వార్త, కొన్నిచోట్ల అరబ్ సేనానుల ఆదేశం, చాలాచోట్ల యూదు దళాల దాడి, నేరుగా తరిమివేత, ఇవన్నీ నెలను బట్టి, జిల్లాను బట్టి వేర్వేరు పాళ్ళలో కలిశాయి. అతను వెలికితీసిన వాటిలో 1948 జూన్ చివరి నాటి ఇజ్రాయెల్ సైనిక నిఘా విభాగపు నివేదిక ఒకటి. ఆ నెల ఆరంభం వరకు జరిగిన నిష్క్రమణలో సుమారు 70 శాతానికి హగనా, దానికి విడిగా పనిచేసిన ఇర్గున్, లేహీ అనే యూదు సాయుధ దళాల సైనిక చర్యలే కారణమని ఆ నివేదిక చెబుతుంది, అరబ్ ఆదేశాలకు దక్కిన వాటా చాలా చిన్నది. తమ ప్రభుత్వం బయటికి చెబుతున్న కథకు విరుద్ధంగా ఆ సైనికాధికారులు లోపల రాసుకున్న లెక్క కనుక దీనికి విలువ ఎక్కువ.

ఈ మూడింటిలో ఒకదాన్ని తలమీద పెట్టుకునే ముందు, మూడు ఊళ్ళ దగ్గర పరీక్షించి చూడమని నా సలహా. ఏ వాదనైనా తనకు అనుకూలమైన ఊరిని చూపించి నెగ్గగలదు, అనుకూలం కాని ఊరి దగ్గర ఏం చేస్తుందో చూడాలి.

మొదటి ఊరు హైఫా. 1948 ఏప్రిల్ 21, 22 తేదీల్లో హగనా ఈ ఓడరేవు నగరపు అరబ్ వాడలను పట్టుకుంది. అప్పటికే అక్కడి అరబ్బుల్లో సగం మంది వెళ్ళిపోయి ఉన్నారు. 22న బ్రిటిష్ సేనాని స్టాక్‌వెల్ సమక్షంలో పురపాలక భవనంలో సమావేశం జరిగితే, యూదు మేయర్ షబ్తాయ్ లెవీ వెళ్ళవద్దని అరబ్ ప్రతినిధులను బతిమాలుకున్నాడు. వాళ్ళు ఒప్పందంపై సంతకం చేయలేమని, జనాన్ని తరలించడానికి సాయం చేయమని అడిగారు. మొదటి వాదన వాళ్ళు ఈ దృశ్యం దగ్గర ఆగిపోతారు. కానీ అదే రోజు, ఓడరేవు పక్కనున్న అంగడి వీధిలో గుమిగూడిన జనం మీద హగనా మోర్టార్లు పడ్డాయి, జనం తొక్కిసలాడుతూ పడవల్లోకి ఎక్కారు. దేర్ యాసీన్ గ్రామంలో ఇర్గున్, లేహీ దళాలు స్త్రీలు, పిల్లలతో సహా వందమందికి పైగా చంపింది ఏప్రిల్ 9న, అంటే రెండు వారాలైనా కాలేదు. చివరికి నగరంలో మిగిలిన అరబ్బులు మూడు నాలుగు వేలు. హైఫాలో మేయర్ వేడుకోలూ నిజమే, మోర్టార్లూ నిజమే. ఈ రెంటిలో ఒకదాన్నే చెప్పే పుస్తకాన్ని దించేయవచ్చు. "వెళ్ళారు" అన్న క్రియ ఎంతోకొంత చెల్లేది ఇక్కడ, అదీ "ప్రాణభయంతో" అన్న మాట ముందు పెట్టినప్పుడు.

రెండవ ఊరు లిద్దా. దాన్ని ఆనుకొని రమ్లా. 1948 జూలై 12న, పట్టణం ఇజ్రాయెల్ సైన్యం చేతికి వచ్చాక, జోర్డాన్ సాయుధ శకటాలు లోపలికి రావడం, కాల్పులు చెలరేగడం, సైన్యం ఎదురు కాల్పుల్లో ఇజ్రాయెల్ లెక్కల ప్రకారమే సుమారు 250 మంది చనిపోవడం జరిగాయి. ఆ రోజే, వయసుతో నిమిత్తం లేకుండా లిద్దా నివాసులను త్వరగా వెళ్ళగొట్టాలన్న ఆదేశం వెలువడింది. దానిమీద సంతకం తర్వాతి కాలంలో ప్రధాని అయిన యిత్జాక్ రబీన్‌ది. ఆనాడు జరిగినదాన్ని రబీన్ తన ఆత్మకథలో రాసుకుంటే ఇజ్రాయెల్ సెన్సార్ ఆ భాగాన్ని తొలగించింది, 1979లో అది న్యూయార్క్ టైమ్స్‌లో బయటికి వచ్చింది. రెండు పట్టణాల నుంచి 50,000 నుంచి 70,000 మంది వరకు, జూలై ఎండలో, కాలినడకన తూర్పుగా నడిచారు. దప్పికతో దారిలోనే ప్రాణాలు పోయినవారున్నారు. ఇక్కడ "విడిచి వెళ్ళారు" అని రాసేవారు అబద్ధం రాస్తున్నారు. కర్త ఉంది, కర్మ ఉంది, లిఖితపూర్వక ఆదేశం ఉంది.

అయితే అదే జూలైలో, 16న, నజరేత్ పట్టణం లొంగిపోయింది. కెనడా నుంచి వచ్చి ఇజ్రాయెల్ సైన్యంలో చేరిన బెన్ డంకెల్‌మన్ అనే సేనాని, అక్కడి జనాన్ని ఖాళీ చేయించమని వచ్చిన నోటి మాటను పాటించడానికి నిరాకరించాడు. నజరేత్ జనం ఉండిపోయారు, ఈనాటికీ అది ఇజ్రాయెల్‌లో పెద్ద అరబ్ నగరం. ప్రతి ఊరికీ ఒకే శాసనం అమలైందన్న కఠినమైన రూపంలో రెండవ వాదన ఇక్కడ తడబడుతుంది. అలాగని తరిమివేత కేవలం యుద్ధపు గందరగోళంలో జరిగిపోయిందన్నదీ ఇక్కడ నిలవదు, ఎందుకంటే ఒక అధికారి కాదంటే ఆగిపోయిన పని, మరోచోట ఒక అధికారి ఔనన్నందువల్లే జరిగింది.

మూడవ ఊరు ఇక్రిత్, చాలా చిన్నది. లెబనాన్ సరిహద్దు దగ్గర, ఎగువ గలిలీలోని క్రైస్తవ గ్రామం. 1948 అక్టోబర్ చివర సైన్యం వచ్చినప్పుడు ఊరివాళ్ళు ప్రతిఘటించలేదు. నవంబర్‌లో వాళ్ళను రెండు వారాల కోసమని చెప్పి రామా గ్రామానికి తరలించారు. రెండు వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. వాళ్ళు ఇజ్రాయెల్ పౌరులు కనుక ఆ దేశపు సుప్రీంకోర్టుకే వెళ్ళారు, 1951 జూలైలో కోర్టు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. సైన్యం కొత్త ఆదేశం జారీ చేసింది, అదే సంవత్సరం క్రిస్మస్ వేళ చర్చిని మినహాయించి ఊరినంతా పేల్చివేసింది. అరబ్ రేడియో పిలుపు, అరబ్ దండయాత్ర, యుద్ధపు వేడి, వీటిలో ఏదీ ఇక్రిత్‌ను వివరించలేదు. యుద్ధం ముగిసి రెండేళ్ళయింది, తీర్పు చేతిలో ఉంది.

ఇక్రిత్ దగ్గర నాకు తెలిసివచ్చినదే ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది. మూడు వాదనలూ పోట్లాడుకునేది "ఎందుకు వెళ్ళారు" అన్న ప్రశ్న మీద. "ఎందుకు తిరిగి రాలేకపోయారు" అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు విషయంలో పత్రాలు చీలిపోలేదు. 1948 జూన్ 16న, మొదటి కాల్పుల విరమణ కాలంలో, ఇజ్రాయెల్ మంత్రివర్గ సమావేశంలో ప్రధాని బెన్ గురియన్, విదేశాంగ మంత్రి మోషే షరెత్ నిర్వాసితుల తిరిగి రాకను వ్యతిరేకించారు, అదే ప్రభుత్వ విధానమైంది. వాళ్ళను తిరిగి రానివ్వాలని కోరిన ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి ఫోక్ బెర్నడోట్‌ను సెప్టెంబర్ 17న జెరూసలేంలో లేహీ సభ్యులు కాల్చిచంపారు. డిసెంబర్ 11న వచ్చిన ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం, ఇరుగుపొరుగుతో శాంతిగా బతకదలచిన నిర్వాసితులను వీలైనంత త్వరగా రానివ్వాలని, రానివారికి పరిహారం ఇవ్వాలని చెప్పింది. భయంతో వెళ్ళారా, బలవంతంగా వెళ్ళారా అని ఆ తీర్మానం అడగలేదు. 1950లో గైర్హాజరుల ఆస్తి చట్టం వచ్చి ఆ ఇళ్ళను, పొలాలను ప్రభుత్వ సంరక్షకుడి చేతికి అప్పగించింది.

ఇజ్రాయెల్ వైపు వాదనను ఇక్కడ కూడా వినాలి. నిన్నటిదాకా పోరాడిన జనాభాను, శత్రు సైన్యాలు సరిహద్దుల్లో ఉండగా ఏ కొత్త రాజ్యమూ వెనక్కి పిలవదని, 1949లో లోసాన్ చర్చల్లో లక్ష మందిని తీసుకుంటామంటే అరబ్ దేశాలు చాలదన్నాయని, అరబ్ దేశాల నుంచి ఆ తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో సుమారు 8 లక్షల మంది యూదులు ఇళ్ళు వదులుకోవలసి వచ్చిందని వాళ్ళు గుర్తుచేస్తారు. మూడూ నిజాలే. 1951లో ఇరాక్ ప్రభుత్వం అక్కడి యూదుల ఆస్తులను స్తంభింపజేసింది, అది ఘోరమైన అన్యాయం. కానీ బాగ్దాద్ యూదుడికి బాకీపడినది ఇరాక్ ప్రభుత్వం, లిద్దా కుటుంబం కాదు. ఒక అప్పును ఇంకొకరి ఖాతాలో జమ చేసుకోవడం చరిత్ర రచనలో చెల్లదు.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక సంగతి గుర్తుకు రావాలి. గైర్హాజరుల ఆస్తి చట్టం వచ్చిన 1950లోనే మన దేశంలో కూడా దేశం విడిచి పాకిస్తాన్ వెళ్ళినవారి ఆస్తుల నిర్వహణకు చట్టం వచ్చింది. వెళ్ళినవారి ఆస్తిని ప్రభుత్వం తీసుకోవడమనేది ఆ కాలపు కొత్త దేశాలు చేసిన పని అన్నంత వరకు ఈ పోలిక ఉపయోగపడుతుంది. అంతకు మించి సాగదు, ఎందుకంటే మన ఉపఖండంలో రెండు వైపులా వచ్చినవారికి ఒక దేశం, పౌరసత్వం దొరికాయి. పాలస్తీనియన్లకు జోర్డాన్‌లో పౌరసత్వం దొరికింది, లెబనాన్‌లో చాలామందికి దొరకలేదు, గాజాలో ఈజిప్టు పాలన కింద ఏ పౌరసత్వమూ రాలేదు. ఇంతకాలం నిర్వాసితుల శిబిరాలు శిబిరాలుగానే ఉండిపోవడంలో అరబ్ ప్రభుత్వాల వాటా ఇది, దాన్ని పేరుపెట్టి చెప్పడానికి వెనకాడనక్కర లేదు.

కనుక ఎంపిక ఇలా చేయవచ్చు. ఊరూ నెలా తెలిసిన సంఘటన గురించి రాస్తుంటే, ఆ ఊరికి తగిన క్రియనే వాడండి, సాధారణ సూత్రాన్ని దానిమీద రుద్దకండి. మొత్తం 1948 గురించి రాయాలంటే మోరిస్ కాలక్రమాన్ని వెన్నెముకగా పెట్టుకోవడం మేలు, ఎందుకంటే హైఫా, లిద్దా, నజరేత్ మూడూ అందులోనే ఇముడుతాయి. అతని తీర్పులను మాత్రం పెట్టుకోనక్కర లేదు. తరిమివేతలను అంత శ్రద్ధగా నమోదు చేసిన మోరిసే 2004లో అవి ఆ పరిస్థితుల్లో సమర్థనీయమని అన్నాడు, చాలావరకు అవే పత్రాలు చదివిన పప్పే దాన్ని నేరమన్నాడు. ఏం జరిగిందన్నదానిలో వాళ్ళిద్దరి మధ్య దూరం మనం అనుకునేదానికంటే తక్కువ, దానికి ఏ పేరు పెట్టాలన్నదానిలో చాలా ఎక్కువ. మోరిస్‌ది సైనిక పత్రాల మీద నిలబడిన చరిత్ర, అరబ్ ప్రభుత్వాల పత్రాలు చాలామటుకు ఇంకా తెరుచుకోలేదు, కనుక నిర్వాసితుల నోటి మాటలను నమోదు చేసిన రోజ్‌మేరీ సాయిగ్ వంటివారిని అతని పక్కనే పెట్టుకొని చదవాలి. లక్ష్యం ముందే ఉందా అన్న ప్రశ్నకు మసాల్హాను, యుద్ధానికి కారణం ఎవరన్నదానికి కర్ష్‌ను కూడా చదవండి, ఒకరిని చదివి ఇద్దరి మీదా తీర్పు చెప్పవద్దు.

ఇంకొక జాగ్రత్త. ఈ విషయంలో అంతర్జాలంలో తిరిగే ఉటంకింపుల్లో తేదీ, పత్రం లేనివాటిని వదిలేయండి. బెన్ గురియన్ 1937 అక్టోబర్ 5న కొడుకు అమోస్‌కు రాసిన లేఖలో అరబ్బులను వెళ్ళగొట్టాలన్నాడా, అక్కర లేదన్నాడా అన్నది ఒక కొట్టివేతను ఎలా చదవాలన్నదాని మీద ఆధారపడి ఉంది. అరబ్ లీగ్ కార్యదర్శి అజ్జామ్ పాషా "వినాశక యుద్ధం" మాటలు 1947 అక్టోబర్‌లో ఒక కైరో పత్రికతో అన్నవి, వాటిని 1948 మేలో దండయాత్ర రోజున అన్నట్టు దశాబ్దాలుగా రాస్తూ వచ్చారు. రెండు పక్షాలకూ ప్రియమైన ఈ రెండు వాక్యాలూ లేకుండానే వ్యాసం రాయవచ్చు.

చివరికి పరీక్ష పత్రంలోనో వార్తలోనో ఒక్క వాక్యానికే చోటుంటే, నేనైతే ఇలా రాస్తాను: "1947–49 యుద్ధంలో 7 లక్షలకు పైగా పాలస్తీనియన్లను కొన్నిచోట్ల ప్రాణభయం, చాలాచోట్ల ఇజ్రాయెల్ దళాల దాడులు, తరిమివేతలు ఇళ్ళ నుంచి కదిలించాయి, వాళ్ళను ఇజ్రాయెల్ ప్రభుత్వం తిరిగి రానివ్వలేదు." మొదటి సగంలోని పాళ్ళను గురించి మీరు నాతో వాదించవచ్చు. చివరి కామా తర్వాతి సగంలో కర్తను మాత్రం తీసేయకండి.